గల్ఫ్‌లో ఉండి ఇంటి దగ్గరున్న పిల్లల్ని ఫైనాన్స్ వైపు నడిపించడం ఎలా

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్, దోహా, దుబాయ్, మస్కట్ వెళ్ళి పనిచేస్తూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో ఉంచి చదివిస్తున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. నేను డెల్టాలో కామర్స్ చెప్పే మనిషిని, గల్ఫ్ పిల్లలు మా క్లాసులో ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ చేసినప్పుడు అడిగేది దాదాపు ఒకటే: "మావాడు లెక్కల్లో బానే ఉంటాడండీ, అందరిలా బీటెక్‌లో వేసేయకుండా బ్యాంకో, సీఏనో (చార్టర్డ్ అకౌంటెన్సీ) చేయించాలంటే ఏం చేయాలి?" మీ కంపెనీ ఆఫీసులో జీతాల షీటు చూసే మలయాళీ అకౌంటెంట్‌ని రోజూ చూస్తుంటే ఆ ఆలోచన రావడం సహజం. మంచి ఆలోచనే. కాకపోతే పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఫోన్‌లో హడావుడిగా తేల్చేసే విషయం కాదు. ఎనిమిదో తరగతి నుంచే మొదలుపెట్టాలి, కోర్సుల పేర్లు అప్పుడే ఎత్తక్కర్లేదు, మీరు పంపే డబ్బు లెక్క వాళ్ళ చేతిలో పెడితే చాలు.

మొదటి పని: ఇంటి లెక్క పిల్లల చేత రాయించండి

ఒక పొడవాటి నోట్‌బుక్ కొనిపించండి. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. మీరు పంపిన డబ్బు, రేషన్, కరెంటు బిల్లు, గ్యాస్, ట్యూషన్ ఫీజు, అమ్మమ్మ మందులు, చీటీ కట్టింది, వడ్డీ కట్టింది. నెలాఖరుకి చేతిలో ఉన్న డబ్బు, బ్యాంకులో ఉన్న డబ్బు కలిపితే పుస్తకంలో మిగిలిన దానితో సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడ తప్పిందో వెతకాలి. ఆ వెతకడం దగ్గరే పిల్లల మనసు తెలుస్తుంది: కొందరు నలభై రూపాయల తేడా దొరికేదాకా నిద్రపోరు, కొందరికి పది నిమిషాల్లో విసుగొచ్చేస్తుంది. రెండోవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు, వాళ్ళకి ఇంకేదో పని నప్పుతుంది, అంతే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. పిల్లలు లెక్క రాస్తున్నారంటే ఇంటి దగ్గర ఖర్చు పెట్టేవాళ్ళకి, నాన్నకైనా అమ్మమ్మకైనా బాబాయికైనా, తమ మీద నిఘా పెట్టారనిపిస్తుంది. గొడవలు కూడా అవుతాయి. అందుకే ముందుగా వాళ్ళతోనే మాట్లాడండి, ఇది వాడి చదువు కోసమని చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. పుస్తకంలో ఏదో కనిపించిందని పిల్లాడి ముందు ఎవరినీ నిలదీయొద్దు. అలా ఒక్కసారి జరిగితే చాలు, రెండో నెల నుంచి వాడు అబద్ధం లెక్కలు రాస్తాడు.

కువైట్‌లో మీకు శుక్రవారం సెలవైతే అక్కడ సాయంత్రం నాలుగంటే ఇక్కడ ఆరున్నర, పిల్లలు బడి నుంచి వచ్చి టిఫిన్ తిని కూర్చునే వేళ. ఆ వీడియో కాల్‌లో ఎప్పుడూ "బాగా చదువుతున్నావా, అన్నం తిన్నావా" దగ్గరే ఆగిపోకుండా ఒక లెక్క ఇవ్వండి. నేను మా పిల్లలకి ఇచ్చేవి కొన్ని చెప్తాను.

డబ్బు పంపే ఒక ఎక్స్ఛేంజ్‌లో దినారుకి 286 రూపాయలు, ఫీజు ఒక దినారు. ఇంకోచోట 287 రూపాయల 50 పైసలు, ఫీజు ఒకటిన్నర దినార్లు. అమ్మ 150 దినార్లు పంపాలి, ఎక్కడ పంపితే లాభం? రేటులో తేడా 225 రూపాయలు వస్తుంది, ఎక్కువ కట్టిన అర దినారు ఫీజు దాదాపు 144 తీసేస్తుంది, రెండోచోట ఎనభై రూపాయలు మిగులుతుంది. మరి 50 దినార్లే పంపితే? అప్పుడు మొదటిదే నయం. ఈ రెండో ప్రశ్న పిల్లలే అడిగితే మీరు చాలా సంతోషించాలి.

తర్వాత చీటీ. లక్ష చీటీ, 20 మంది, నెలకి 5,000. ఈ నెల పాట 22,000 దగ్గర ఆగింది, అంటే పాడినవాళ్ళ చేతికి వచ్చేది 78,000. ఆ 22,000లో చీటీ నడిపే మనిషి కమీషన్ 5,000 పోతే 17,000 ఇరవై మందికి పంచాలి, తలకి 850. అందుకే ఈ నెల మనం కట్టేది 4,150. మరి ముందే పాడుకున్నవాళ్ళకి ఆ డబ్బు ఎంత వడ్డీకి పడినట్టు, చివరిదాకా ఆగినవాళ్ళకి ఎంత కలిసొచ్చినట్టు? ఇది డిగ్రీ పిల్లలు కూడా తడబడే లెక్క, తొమ్మిదో తరగతి వాడు సగం చేసినా గొప్పే.

అన్నిటికన్నా ముఖ్యమైంది వీసాకి చేసిన అప్పు. 2 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. వినడానికి రెండే కదా అనిపిస్తుంది, నెలకి 4,000, ఏడాదికి 48,000, అంటే 24 శాతం. అదే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి 10 శాతానికి తీసుకుంటే ఏడాదికి 20,000. ఈ లెక్క వేశాక "మరి మనం ఎందుకు మార్చలేదు?" అని పిల్ల అడుగుతుంది. కోప్పడకుండా నిజం చెప్పండి, బంగారం లేదనో, ఆ టైమ్‌లో ఎవరూ ఇవ్వలేదనో. అప్పు ఉందని పిల్లలకి తెలియకూడదని చాలామంది దాస్తారు, కానీ పదమూడేళ్ళ పిల్లకి ఇంట్లో అప్పుందని ఎలాగూ తెలుసు, ఎంతో తెలియకపోవడమే టెన్షన్.

పదేళ్ళు దాటిన పిల్లలు తమ పేరు మీద సేవింగ్స్ ఖాతా తెరిచి సొంతంగా నడుపుకోవచ్చు, బ్యాంకు కొన్ని పరిమితులు పెడుతుంది. తెరిపించండి. మీ ఖాతా సంగతి కూడా వాళ్ళ చేతే కనుక్కోమనండి: విదేశంలో ఉన్నవాళ్ళు మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి, అక్కడి సంపాదన దాచుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉంటుంది, ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి ఉంది. అమ్మమ్మని తోడు తీసుకుని బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి ఈ తేడా అడిగి తెలుసుకొచ్చిన పిల్లకి బ్యాంకు అంటే భయం పోతుంది.

పదో తరగతి తర్వాత గ్రూపు

ఇక్కడ చుట్టాలందరూ ఎంపీసీ అంటారు. ఎంఈసీలో లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ ఉంటాయి, సీఏకి వెళ్దామనుకునేవాళ్ళకి అది బాగా సరిపోతుంది, కాని మన వైపు చిన్న ఊళ్ళలో ఎంఈసీ ఉన్న కాలేజీ దొరకడం కష్టం, రాజమండ్రో విజయవాడో పంపాల్సి రావచ్చు. దగ్గర్లో సీఈసీ మాత్రమే ఉంటే దాంట్లో లెక్కలు ఉండవు, సీఏలో మొదటి మెట్టయిన ఫౌండేషన్‌లో లెక్కలు, స్టాటిస్టిక్స్, రీజనింగ్ కలిపి ఒక పేపరే ఉంది కాబట్టి దానికి విడిగా చెప్పించుకోవాలి. ఎంపీసీలో ఇప్పటికే చేరిపోయారా, కంగారు పడొద్దు. ఫౌండేషన్ ఏ గ్రూపు వాళ్ళయినా రాయొచ్చు, బ్యాంకు పరీక్షలకి ఏ డిగ్రీ అయినా చాలు. పిల్లల్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళకి, అంటే దుబాయ్, దోహాలో సీబీఎస్ఈ బడుల్లో చదివేవాళ్ళకి, పదకొండులో కామర్స్ స్ట్రీమ్ మామూలుగానే దొరుకుతుంది, వాళ్ళు మ్యాథ్స్ వదలకుండా చూసుకుంటే సరి.

హాస్టల్‌లో వేసేముందు ఇంకోసారి ఆలోచించండి. అమ్మా నాన్నా ఇద్దరూ దూరంగా ఉన్న పిల్లలకి అమ్మమ్మ కూడా దూరమైతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరు ఇంకా ఎన్నేళ్ళు అక్కడ ఉండగలరు?

కోర్సు ఎంచుకునేముందు వేసుకోవాల్సిన లెక్క ఇదే, దీన్నే అందరూ వదిలేస్తారు. అకామా (అక్కడ ఉండే పర్మిట్) ఎప్పటిదాకా, ఒంట్లో ఓపిక ఎంతుంది, అప్పు ఎప్పటికి తీరుతుంది, పిల్లల చేతికి జీతం రావాల్సిన ఏడాది ఏది. ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని కింద చెప్పేవి చదవండి.

సీఏ: ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. ఫౌండేషన్‌లో 4 పేపర్లు, ఇంటర్‌లో 6, ఫైనల్‌లో 6. ఒక్కో పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి, అంటే అన్నిట్లో నలభైలు తెచ్చుకున్నా ఫెయిలే. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే ట్రైనింగ్), అది మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది. ఫౌండేషన్, ఇంటర్ పరీక్షలు ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబరు. ఎక్కడా తప్పకుండా పోతే ఇంటర్మీడియట్ కాలేజీ తర్వాత నాలుగేళ్ళ పైన పడుతుంది, కానీ ఎక్కడో ఒకచోట ఆగనివాళ్ళు అరుదు, కాబట్టి ఆరేళ్ళు అనుకుని డబ్బు చూసుకోండి. ఇన్‌స్టిట్యూట్ ఫీజులు ఇంజనీరింగ్‌తో పోలిస్తే చాలా తక్కువ, స్టడీ మెటీరియల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఆన్‌లైన్ క్లాసులు కూడా వాళ్ళే ఉచితంగా చెప్తారు. అయ్యే ఖర్చంతా కోచింగ్‌కీ, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో గది అద్దెకీ. ఆర్టికల్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారు గానీ దానితో ఇల్లు గడవదు.

ఆడపిల్ల సీఏ చేస్తుంటే ఇంకో విషయం ముందే తేల్చుకోవాలి. ఆర్టికల్‌షిప్ మధ్యలోకి వచ్చేసరికి పిల్లకి ఇరవై ఒకటి, ఇరవై రెండు, అప్పుడే సంబంధాలు మొదలవుతాయి, అమ్మమ్మా మేనమామా ఒత్తిడి పెడతారు, మీరు దూరంగా ఉంటారు. ఫైనల్ అయ్యేదాకా సంబంధాల మాట ఎత్తొద్దని పిల్ల మొదటి ఏడాదిలో ఉండగానే అందరితో మీరే చెప్పేయండి. ఆ మాట పిల్ల చెప్తే చెల్లదు, డబ్బు పంపే మీరు చెప్తేనే చెల్లుతుంది.

బ్యాంకు పరీక్షలు: మీ కాగితంలో నాలుగైదేళ్ళే ఉంటే నా ఓటు దీనికే. డిగ్రీ అవ్వగానే ప్రభుత్వ బ్యాంకుల కోసం ఐబీపీఎస్ పెట్టే పీఓ, అంటే ఆఫీసర్ పరీక్ష (20 నుంచి 30 ఏళ్ళు), క్లర్క్ (20 నుంచి 28), గ్రామీణ బ్యాంకు, ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, ఒకే చదువుతో ఇవన్నీ రాయొచ్చు. బీసీలకి మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్ళు వయసు సడలింపు ఉంది. క్లర్క్ పరీక్షని ఇంగ్లిష్ భాగం తప్ప తెలుగులోనే రాసే వీలుంది, ఇంటర్వ్యూ లేదు, తెలుగు రావడం మన రాష్ట్రంలో పోస్టుకి అర్హత కూడా. మన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మేలో మిగతావాటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది, పేరు వెతుక్కునేవాళ్ళు అది చూసుకోండి. క్లర్క్‌గా చేరి లోపలి పరీక్షలు రాసి ఆఫీసర్ అయినవాళ్ళు ఎంతోమంది, కాబట్టి క్లర్క్ అంటే చిన్నచూపు వద్దు.

సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) కూడా మంచిదే, జూన్, డిసెంబరుల్లో పరీక్షలు, 15 నెలల ట్రైనింగ్, ఫ్యాక్టరీల్లో ఖర్చుల లెక్క చూసే ఉద్యోగాలకి పనికొస్తుంది. ఏసీసీఏ అనే బ్రిటిష్ అకౌంటింగ్ కోర్సులో 13 పేపర్లు, బీకాం చేసినవాళ్ళకి కొన్ని మినహాయింపులు, గల్ఫ్‌లో గుర్తింపు ఉంది, కానీ ఫీజులు పౌండ్లలో కట్టాలి, ఇండియాలో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు దానితో రాదు. బ్రోచర్ చూసి మురిసిపోయేముందు ఈ చివరి ముక్క పిల్లలకి చెప్పండి.

ఇవేవీ వద్దు, త్వరగా సంపాదించాలి అంటే బీకాం కంప్యూటర్స్, టాలీ, ఎక్సెల్, జీఎస్‌టీ. భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లులకీ, రొయ్యల మేత డీలర్లకీ, ఎగుమతి కంపెనీలకీ లెక్కలు సరిగా రాసే మనిషి ఎప్పుడూ కావాలి. మొదట జీతం తక్కువే ఉంటుంది. రెండు మూడేళ్ళు అక్కడ చేసినవాళ్ళకి బయట విలువ ఉంటుంది.

"లెక్కలు మనలాంటోళ్ళకి ఎందుకు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే ఒక సంగతి చెప్పండి. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు వృత్తికి డాక్టరు, పుట్టింది మన ఏలూరు వైపు గుండుగొలనులో.

ఒక వేసవి ఆడిటర్ గారి ఆఫీసులో

ఇంటర్ కాలేజీ పరీక్షలైపోయాక ఖాళీగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో దగ్గరి టౌన్‌లో ఎవరైనా ఆడిటర్ గారిని అడిగి, జీతం లేకుండా, పిల్లల్ని రోజుకి మూడు గంటలు కూర్చోబెట్టండి. నెలకి రెండు తేదీలు వాళ్ళు కళ్ళారా చూడాలి: 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1, 20న పన్ను కట్టే 3బి రిటర్న్. ఆ ముందురోజు ఆఫీసు ఎలా ఉంటుందో చూస్తే ఈ పని తమకి నప్పుతుందో లేదో వాళ్ళకే తెలుస్తుంది. రొయ్యల కంపెనీ స్లిప్పులో కౌంట్ 40 (కేజీకి 40 రొయ్యలు), ఇన్ని కేజీలు, రేటు ఇంత అని ఉంటుంది, బ్యాంకులో పడింది చూస్తే అంతకన్నా బాగా తక్కువ. ఎందుకని వెతికితే మేత అప్పు కింద మినహాయించుకున్నారని డీలర్ ఖాతాలో దొరుకుతుంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిపోల్చినప్పుడు పిల్ల ముఖంలో వెలుగు కనిపిస్తే ఇక మీకు ఎవరి సలహా అక్కర్లేదు. ఎలా అడగాలో తెలియకపోతే రాజమండ్రిలో సీఏ ఇన్‌స్టిట్యూట్ బ్రాంచి ఉంది, అక్కడ కనుక్కోమనండి.

మీరున్న చోటుని వాడుకోండి

సీఏ ఇన్‌స్టిట్యూట్‌కి కువైట్, దోహా, దుబాయ్, అబుదాబి, మస్కట్‌లలో చాప్టర్లు ఉన్నాయి, మన దేశపు సీఏలే నడుపుతారు. సెలవు రోజున ఫోన్ చేసి మా అమ్మాయి చదువుతోంది, అయిదు నిమిషాలు మాట్లాడతారా అని అడగండి. ఇంటిపని చేసే మనిషిని నాతో ఎవరు మాట్లాడతారు అని వెనక్కి తగ్గొద్దు, మహా అయితే కుదరదంటారు. మీ కంపెనీ అకౌంటెంట్‌ని కూడా అడగండి, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, ఏం చదివారు, మొదట ఏ ఉద్యోగంలో వచ్చారు. యూఏఈలో 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్, 2023 జూన్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకి 9 శాతం కార్పొరేట్ ట్యాక్స్ వచ్చాయి, దాంతో చిన్న కంపెనీకి కూడా పుస్తకాలు సరిగా ఉండాల్సి వచ్చింది. సౌదీలో మాత్రం అకౌంటింగ్ ఉద్యోగాల్లో అక్కడివాళ్ళకి కోటా ఉంది. అందుకే గల్ఫ్ ఒక్కదాన్నే నమ్ముకుని చదివించొద్దు, ఇక్కడ కూడా పనికొచ్చే చదువే ఎంచుకోండి.

కాగితాల సంగతి ఇప్పుడే చూడండి. పదో తరగతి మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, నాలుగింట్లో పేరు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా, మరోదాంట్లో చివర, ఇలా ఉంటే బ్యాంకు ఉద్యోగం వెరిఫికేషన్‌లోనూ వీసా అటెస్టేషన్‌లోనూ ఇబ్బంది పడతారు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ వివరాల జాబితా) రాసేటప్పుడే బడికి ఎవరినైనా పంపి సరిచూడండి.

రెండు ప్రమాదాలు

ఫైనాన్స్ అనగానే కుర్రాళ్ళు ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్, అంటే షేర్ ధరల మీద పందెం లాంటిది, అనుకుంటున్నారు. 2024 సెప్టెంబరులో, షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఇచ్చిన నివేదికలో, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు, సగటున ఒక్కొక్కరు దాదాపు 2 లక్షలు. మీ కొడుక్కి ఈ అంకెలు చూపించండి. మార్కెట్ అంటే నిజంగా ఇష్టముంటే సెబీ పెట్టిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ పరీక్షలు రాయమనండి, మ్యూచువల్ ఫండ్స్ అమ్మాలన్నా బ్రోకర్ ఆఫీసులో చాలా ఉద్యోగాలకైనా అవే కావాలి.

రెండోది ఇంకా భయంకరం. "నీ బ్యాంకు ఖాతా నెలరోజులు ఇవ్వు, పదివేలు ఇస్తాం" అని కాలేజీ పిల్లల చుట్టూ తిరిగేవాళ్ళున్నారు. ఆ ఖాతాలోకి సైబర్ మోసాల డబ్బు వస్తుంది, కేసు ఖాతాదారు మీద పడుతుంది. కేసున్న పిల్లాడికి బ్యాంకు ఉద్యోగం వచ్చినా పోలీస్ వెరిఫికేషన్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏటీఎం కార్డు, సిమ్, ఓటీపీ ప్రాణ స్నేహితుడికి కూడా ఇవ్వొద్దని ఈ శుక్రవారమే చెప్పండి.

ఫెయిలైన రోజు

సీఏలోకి వెళ్తే ఆ రోజు వస్తుంది, బాగా చదివేవాళ్ళకీ వస్తుంది. అందుకే ముందుగానే మీరూ పిల్లలూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకోండి, సీఏ ఇంటర్‌కి ఎన్ని అటెంప్టులు చూద్దాం, అప్పటికీ కాకపోతే ఏ దారి. పక్కన బీకాం తప్పకుండా చేయించండి, సీఏ ఆగినా డిగ్రీ చేతిలో ఉంటుంది, బ్యాంకు పరీక్షలకి వెళ్ళొచ్చు. ఫలితాలు వచ్చిన సాయంత్రం మీరే ముందు ఫోన్ చేయండి, పిల్లలు చేసేదాకా ఆగొద్దు. "నీ కోసం ఇక్కడ ఇంత కష్టపడుతున్నాను" అనే మాట ఆ రోజు మాత్రం నోటి నుంచి రానివ్వకండి, వాళ్ళు అప్పటికే అదే తలుచుకుని ఏడ్చి ఉంటారు. ఏ పేపర్లో ఎంతొచ్చింది, మొత్తం మీద యాభై శాతానికి ఎంత తక్కువైంది, వచ్చే పరీక్షకి ఫారం ఆఖరు తేదీ ఎప్పుడు, ఇవి అడగండి. ఫారం డబ్బులు ఆ వారంలోనే పంపేయండి, అడిగించుకోకుండా.